పడవ ముందు, చేప వెనక

తెలుగు లిపిలో రాసేసరికి ఇంగ్లీషులోని రెండు వేరువేరు మాటలు ఇంచుమించు ఒక్కటైపోతాయి. ఒకటి ట్రాలింగు. పెద్ద మరపడవ వెనక సంచీలాంటి వలను సముద్రంలో ఈడ్చుకుంటూ పోయి, దొరికిన రొయ్యనూ చేపనూ గంపగుత్తగా పైకి తీయడం అది. విశాఖపట్నం చేపలరేవులో బారులు తీరి కనిపించే పెద్ద పడవలు చేసేది ఆ పనే. రెండోది ట్రోలింగు. చిన్న పడవ నెమ్మదిగా పోతూ ఉండగా వెనక ఒకటో రెండో తాళ్ళు వదిలి, వాటి కొసన బొమ్మచేపనో ఈకల గుత్తినో కట్టి, దాన్ని తరుముకొచ్చే చేపను గాలానికి పట్టడం. మొదటిది ఊడ్పు, రెండోది వేట. ఈమధ్య దీనికి మూడో అర్థం కూడా పుట్టుకొచ్చింది. ఆదివారం ట్రోలింగుకు పోయివచ్చానని కాలేజీలో అన్నప్పుడు మా కుర్ర లెక్చరరు ఒకాయన కంగారుపడి, "ఎవరు మాస్టారూ, మిమ్మల్ని తిట్టిపోసింది?" అని అడిగాడు. ఫోనులో మొహం చూపనివాళ్ళు పెట్టే చీవాట్లకు ఇప్పుడు అదే పేరట! అందుచేత నేను ఈ వేటకు "ఈడుపు గాలం" అని పేరు పెట్టుకున్నాను. నిఘంటువుల్లో వెతక్కండి, దొరకదు. అవసరం కొద్దీ కల్పించుకున్న మాట.

ఈ ఈడుపు గాలం నేర్చుకోవడానికి పెద్ద ఓడ అక్కర్లేదు, పెద్ద డబ్బూ అక్కర్లేదు. మన ఉత్తరాంధ్ర తీరాన ఫైబరు తెప్పలు ఉన్నాయి. పూర్వం తేలిక కర్రదుంగలను తాళ్ళతో కట్టి చేసుకునే తెప్పకు ఇవి మనుమలు. రూపు కొంచెం మారినా పేరు మారలేదు. వెనక బిగించుకునే చిన్న మోటారు ఉంటుంది. పది గుర్రాల బలం లోపుదైనా చాలు. నలుగురు పడతారు, ముగ్గురయితే సుఖం.

నేను ఓనమాలు దిద్దుకున్నది భీమునిపట్నంలో. విశాఖకు ఉత్తరంగా పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ ఊరి గురించి తెలియనివారు తక్కువ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తొలుచుకుని వచ్చే గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. విహారానికి వచ్చినవారు ఇవన్నీ ఒక పూటలో చూసి, మొక్కజొన్న పొత్తు తిని వెళ్ళిపోతారు. కాని భీమిలిని నీళ్ళమీద నుంచి చూడాలి. తెప్ప మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగేసరికి దీపస్తంభం అగ్గిపుల్లంత అవుతుంది. పావురాళ్ళకొండ ఊరి నెత్తిమీద గొడుగులా కనిపిస్తుంది. దక్షిణంగా ఎర్రమట్టి దిబ్బలు ఉదయపు ఎండలో పారాణి పెట్టినట్టుంటాయి. వాటికి ఇంకా వెనక సింహాచలం కొండల వరస నీలంగా లేస్తుంది. ఈ కొండలు కేవలం అందానికి కావని తరవాత చెబుతాను.

మా దగ్గర బి.ఏ. చదువుతున్న కుర్రాడొకడు మత్స్యకార కుటుంబంలోవాడు. వాళ్ళ నాన్నకు స్వంత తెప్ప ఉంది. నా కుతూహలం విని అతనే నన్ను ఒడ్డుకు తీసుకుపోయాడు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నేను "అన్నయ్యా" అంటాను, ఆయన నన్ను "మేస్టారూ" అంటాడు. ఆయిలు ఖర్చు నాది, పడ్డ చేప ఆయనది, ఇంటికి ఒక్కటి మాత్రం నాకు. మొదటిరోజునే కుదిరిన ఒప్పందం ఇది. ఎవరైనా ఈ సరదాకు దిగదలచుకుంటే ముందు ఇలాంటి మనిషిని వెతుక్కోమంటాను. మోటారూ గాలాలూ బజారులో దొరుకుతాయి, ఇలాంటివాడు దొరకడు. మత్స్యశాఖ ఆఫీసులోనూ మెరైన్ పోలీసులకూ ముందుగా చెప్పి, వారి అనుమతి ఉన్నదాకా ఆగి బయలుదేరడం కూడా ఆయన పెట్టిన షరతే.

మత్స్యం, మీనం, ఝషం అని పర్యాయపదాలు నేను గడగడ అప్పచెప్పగలను. రెప్ప వెయ్యదు గనుక చేపకు "అనిమిషం" అని కూడా పేరుంది, దేవతలకూ ఇదే పేరు. ఈ సంగతి నడిసముద్రంలో ఆయనకు చెప్పాను. "అయితే మనం సూడకపోయినా అది సూస్తానే ఉంటాదన్నమాట" అన్నాడాయన, తాడు మీదనుంచి చూపు తిప్పకుండానే. ఆ మాటలో ఈ వేట రహస్యం సగం ఉంది.

మొదటి పరీక్ష చేపతో కాదు, కెరటాలతో. భీమిలి ఒడ్డున తెప్పను ఇసుక మీదనుంచి నీళ్ళలోకి నెట్టి, విరిగే కెరటాలను దాటాలి. మోటారు ప్రొపెల్లరు ఇసుకకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, నలుగురూ తెప్పను తోసి, నడుం లోతు రాగానే ఎక్కి, తెడ్లు వేసి, సరిగ్గా రెండు కెరటాల మధ్య మోటారు దించి అంటించాలి. పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి, ఆ తరవాత కాసేపు చిన్నవి. ఆయన ఒడ్డున నిలబడి బీడీ కాలుస్తున్నట్టు కనిపిస్తాడు గాని, నిజానికి కెరటాలు లెక్కపెడుతూ ఉంటాడు. కెరటానికి తెప్ప ముక్కు ఎదురుగా ఉండాలి, పక్క తిరిగిందంటే బోర్లాపడటమే. ఈ ఘట్టంలో నాలాంటివాడు చెయ్యదగిన సాయం ఏమిటంటే, చెప్పినచోట కూర్చుని కదలకుండా ఉండటం.

మెడలో తేలుడు చొక్కా ఉండాలి. ఇది నామర్దా అనుకునే మగవారికి నేను చెప్పేదేమీ లేదు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పాలి. మోటారు నడిపేవాడి కాలికి ఒక చిన్న తాడు కట్టి ఉంటుంది, దాని రెండో కొస మోటారులో ఉంటుంది. మనిషి జారి నీళ్ళలో పడితే ఆ తాడు ఊడివచ్చి మోటారు ఆగిపోతుంది. అది లేకపోతే తెప్ప మనిషిని వదిలి పోతుంది, లేదా గుండ్రంగా తిరిగి ప్రొపెల్లరుతో అతని మీదికే వస్తుంది. కొంచెం దూరం పోతే ఫోను పలకదు. కాబట్టి చేతిలో పట్టే వి.హెచ్.ఎఫ్. రేడియో ఉంటే మంచిది. ఆపదలో పిలిచే ఛానెలు 16. ఫోను పలికే చోటయితే తీరరక్షక దళం వారి నంబరు 1554.

ఇక సరంజామా. ఆయనది చేతితాడు. నేను బజారులో కర్రా చక్రమూ కొనుక్కున్నాను. రెంటికీ సూత్రం ఒకటే. తెప్ప వెనక నీళ్ళు తెల్లగా మరుగుతూ పోతాయి. ఆ నురగకు కాస్త అవతల, ఇరవై మీటర్ల దూరాన ఒక గాలం, నలభై మీటర్ల దూరాన ఇంకొకటి వదలాలి. రెండూ ఒకే దూరాన ఉంటే జడ అల్లుకుంటాయి. నేర్చుకునేవాడికి రెండు తాళ్ళు చాలు. మూడోది వేస్తే చేపల కంటే చిక్కుముళ్ళే ఎక్కువ పడతాయి.

గాలానికి కట్టే ఎర రకరకాలు. గడ్డం కింద చిన్న పలక ఉన్న కొయ్య లేక ప్లాస్టిక్ బొమ్మచేప లాగేకొద్దీ మునిగి, తోక ఆడిస్తూ ఈదుతుంది. తళతళలాడే లోహపు చెంచా ఒకటి. జాలరులు తాళ్ళు చిక్కి రంగురంగుల నూలుపోగుల గుత్తులు తామే చేసుకుంటారు, ఖర్చు రూపాయి కూడా కాదు. బజారులో వందలు పోసి కొన్న నా బొమ్మచేపను పక్కనే ఈదనిచ్చి, ఆయన నూలుగుత్తి మూడు చేపలు పట్టిన రోజు ఉంది. పక్షపాతం లేకుండా రాస్తున్నాను గనుక, నా బొమ్మచేపకు మటుకే పడిన రోజు కూడా ఉందని నమోదు చేస్తున్నాను.

మా తీరాన అందరూ కోరేది కోనాం. విశాఖ వైపు కోనాం అంటాం, హైదరాబాదు బజారులో వంజరం అంటారు. దాని పళ్ళు క్షవరం కత్తులు. ఎంత లావు నైలాను తాడయినా ఒక్క కొరుకుకు తెంపేస్తుంది. అందుకని గాలానికి ముందు జానెడు రెండు జానల ఉక్కుతీగ తప్పనిసరి. ఆ తీగకూ తాడుకూ మధ్య గిరగిర తిరిగే చిన్న లోహపు ముడి పెట్టాలి. లేకపోతే ఎర తిరిగిన తిరుగుళ్ళన్నీ తాడుకెక్కి, సాయంత్రానికి అది పిల్లి ఆడుకున్న దారపుండ అవుతుంది.

చక్రానికి బిగింపు ఉంటుంది. చేప లాగినప్పుడు తాడు తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే బిగింపు అది. తాడు ఎంత బరువుకు తెగుతుందో అందులో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు బలానికి అది వదలాలి. ఇరవై కిలోల తాడయితే అయిదారు కిలోల దగ్గర. చేత్తో లాగి చూసి "సరిగ్గానే ఉంది" అనుకోవడం కంటే, పాతపేపర్లవాడి దగ్గర ఉండే కొక్కెం త్రాసుకు తగిలించి చూసుకోవడం నయం. ఆయన తన చేతితాడుకు మధ్యలో సైకిలు ట్యూబు ముక్క కట్టాడు. చేప కొట్టిన దెబ్బను ముందు ఆ రబ్బరు భరిస్తుంది. నా చక్రం చేసే పనే అది, ధరలో తేడా మీరే ఊహించుకోండి.

ఇంతవరకూ చెప్పింది సామాను సంగతి. అసలు విద్య వేగం. ఈడుపు గాలంలో తొంభై పాళ్ళు దీనిలోనే ఉంది. బొమ్మచేప బతికిన చేపలా ఈదాలంటే ఒక వేగం, ఈకల గుత్తి నీటి పైపొరలో చిందులు వెయ్యాలంటే ఇంకొక వేగం. కోనాంకు బొమ్మచేప కట్టి లాగేటప్పుడు గంటకు ఏడు మొదలు పదకొండు కిలోమీటర్లు బాగా పనిచేస్తుంది. అంటే మనిషి నిదానంగా పరుగెత్తే వేగం. తూరచేపలకు ఈకల గుత్తి లాగితే ఇంకా ముందుకు, పదకొండు పదిహేను మధ్య. నిజం చేపను ఎరగా గుచ్చి లాగితే నడకవేగం చాలు. నాలుగైదు కిలోమీటర్లు మించితే ఎర చిరిగిపోతుంది.

ఫోనులో వేగం చూపిస్తుంది గదా, అంతే ఉంచితే సరిపోదా అంటారేమో. సరిపోదు. ఫోను చెప్పేది భూమికి లెక్క. చేపకు తెలిసేది నీటి లెక్క. సముద్రం తానూ నడుస్తూ ఉంటుంది. మన తీరం వెంట ప్రవాహం వేసవి ముందు ఉత్తరానికి, అక్టోబరు దాటాక దక్షిణానికి పోతుంది. ఆ ప్రవాహం గంటకు రెండు కిలోమీటర్లు ఉందనుకోండి. దానితోపాటు పోతూ ఫోనులో తొమ్మిది చూసుకుంటే, నీటిలో ఎర నడిచేది ఏడే. ఎదురు తిరిగి అదే తొమ్మిది చూసుకుంటే నీటిలో పదకొండు. పోయేటప్పుడు పడని చేప వచ్చేటప్పుడు పడటంలో మంత్రమేమీ లేదు. అందుకని ఎరను ముందు తెప్ప పక్కనే నీళ్ళలో పెట్టి, అది ఈదే తీరు కళ్ళారా చూసి, ఆ వేగానికి మోటారు చప్పుడు ఎలా ఉందో చెవిలో పెట్టుకోవాలి. ఆయన ఫోను చూడడు. మోటారు పాట వింటాడు. కర్ర పట్టుకున్నవాడికి ఇంకో గుర్తు ఉంది. ఎర సరిగా ఈదుతుంటే కర్ర కొస సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు ఆగిందంటే గడ్డో చెత్తో తగులుకున్నట్టు. లాగి తీసి శుభ్రం చేసి మళ్ళీ వదలాలి. గడ్డిపోచ పట్టిన ఎర వెంట ఏ చేపా రాదు, గంటసేపు ఊరికే తిప్పినట్టే.

ఇంకొక చమత్కారం మలుపులో ఉంది. తెప్పను ఎప్పుడూ పెద్ద వలయంగా తిప్పాలి, గిరుక్కున తిప్పితే తాళ్ళు పెనవేసుకుంటాయి. అలా తిప్పుతుండగా లోపలివైపు ఎర నెమ్మదించి దిగుతుంది, బయటివైపుది వడిపట్టి పైకి లేస్తుంది. లోపలిదానికి చేప పడితే మనం ఇందాకటినుంచీ ఎక్కువ వేగంగా పోతున్నామన్నమాట. బయటిదానికి పడితే నెమ్మదిగా పోతున్నామని. తిన్నగా పోయేవాడికి సముద్రం ఈ జవాబు చెప్పదు. నాకు ఈ వేటలో అన్నిటికంటే ముచ్చట గొలిపిన సంగతి ఇదే. మా కుర్రాడు ఊరికే వంకరటింకరగా నడుపుతున్నాడని నేను అనుకుంటున్నప్పుడు, అతను నిజానికి ప్రశ్నలు వేస్తున్నాడు.

ఎక్కడ లాగాలి? తెల్లని సముద్రపు పిట్టలు గుంపుగా దిగి నీళ్ళను పొడుస్తున్నాయంటే కింద చిన్నచేపల మంద ఉంది, దానికింద పెద్దచేప ఉంది. చూడగానే మంద మధ్యకు తెప్ప పోనిస్తే అంతా అడుగుకు దిగిపోతుంది. అంచు వెంట చుట్టూ తిరగాలి. తెప్ప దూరంగా, ఎర మాత్రం అంచున పోయేటట్టు. వానాకాలంలో గోస్తనీ బురదనీరు సముద్రంలో ఒక గీతలాగా ఆగుతుంది. ఇటు కాఫీ రంగు, అటు నీలం. ఆ గీతకు నీలంవైపు వెంటబడి లాగడం మంచిది. తేలుతున్న దుంగ కనిపించినా వదలకూడదు, దాని నీడన చేప ఉంటుంది. వేళ చెప్పాలంటే తెల్లవారుజామూ, పొద్దువాలేముందూ.

కొండల సంగతి చెబుతానన్నాను. సముద్రంలో మడుగుకు గుర్తు పెట్టుకోవడానికి రాయి లేదు, చెట్టు లేదు. అందుకని జాలరులు ఒడ్డునే గుర్తు చేసుకుంటారు. ఒక కొండ శిఖరం కింద దీపస్తంభం సరిగ్గా వచ్చినప్పుడు ఒక గీత, ఇంకోవైపు రెండు కొండలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నప్పుడు ఇంకో గీత. ఆ రెండు గీతలూ కలిసినచోట నీళ్ళ అడుగున రాతిగుట్ట. తాత తండ్రికి, తండ్రి కొడుక్కి చెప్పుకున్న లెక్క ఇది. మా కుర్రాడు ఆ రాతిగుట్టలన్నీ ఫోనులో చుక్కలుగా ఎక్కించుకున్నాడు. ఒకరోజు మంచు కమ్మి కొండలు కనబడనప్పుడు ఫోను చెప్పినచోట తండ్రి తాడుకు బరువు కట్టి దింపి చూశాడు. రాయి తగిలింది. ఆయన ఏమీ అనలేదు గాని, ఫోను తడవకుండా తన సంచిలో పెట్టాడు.

చేపలున్న చోటును ఇప్పుడు హైదరాబాదు నుంచి కూడా చెబుతున్నారు. సముద్రం లేని ఆ నగరంలో, 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం ఉంది. పొట్టిపేరు ఇన్‌కాయిస్. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు సముద్రపు పైనీటి వేడినీ, అందులోని పచ్చదనాన్నీ కొలిచి పంపితే, చేపలు చేరే అవకాశమున్న తావులను వారు లెక్కగట్టి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున ఇంత దూరం, ఇంత లోతు అని తెలుగులో కూడా తెలియజేస్తారు. అలల ఎత్తు, గాలి హెచ్చరికలు కూడా వారివే. చేపల మాట నమ్మినా నమ్మకపోయినా, గాలి మాట నమ్మి తీరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పటి గాలిని చూసినవారికి ఇది నేను చెప్పనక్కరలేదు.

చేప పడిందనుకోండి. చక్రం కీచుమని అరుస్తుంది, చేతితాడయితే రబ్బరు జానెడు సాగుతుంది. వెంటనే మోటారు ఆపాలని ప్రతివాడికీ అనిపిస్తుంది. ఆపకూడదు. నాలుగు క్షణాలు అదే వేగాన పోనిస్తే గాలం గట్టిగా దిగబడుతుంది, రెండో ఎరకు తోడుచేప కూడా పడవచ్చు. ఆ తరవాత వేగం తగ్గించి, ఖాళీ తాడు లోపలికి తీసి, చేపను పక్కవైపు నుంచి తేవాలి. వెనకనుంచి తెస్తే ప్రొపెల్లరుకు తాడు చుట్టుకుంటుంది. దగ్గరికి వచ్చిన చేపను కొక్కెం కర్రతో ఎత్తాలి. చేత్తో తాడు పట్టి పైకి ఊపకూడదు. తెప్పలో పడ్డ కోనాం నోటికి చెప్పులేని కాలు దొరికితే కుట్లు పడతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. తాడును చేతికి చుట్టుకోకూడదు. మొదటిరోజు నేను తాడు పట్టుకోబోతుండగానే ఆయన అన్నాడు: "సేతికి సుట్టుకోకండి మేస్టారూ. అప్పుడది సేపకి కట్టిన తాడు కాదు, మీకు కట్టిన తాడు." గాలం వేటకు మన తీరాన పేరుమోసిన ఊరు పూడిమడక. విశాఖకు దక్షిణంగా, అనకాపల్లి జిల్లాలో ఉంది. తూరలనూ కోనాంలనూ కొమ్ముకోనాంలనూ గాలంతో పట్టడంలో అక్కడివారికి సాటి లేదు. 2025 జూలైలో ఆ ఊరినుంచే వేటకు పోయిన ఒక యువకుణ్ణి గాలానికి పడ్డ పెద్ద కొమ్ముకోనాం నీళ్ళలోకి లాగేసిందన్న వార్త పత్రికల్లో చదివే ఉంటారు. ఆ విద్యలోనే పుట్టిపెరిగినవారి మాట అది. ఆదివారాలు వచ్చేవాడు చేతికి మందపాటి తొడుగు వేసుకోవాలి, తాడు కోయడానికి కత్తి అందుబాటులో పెట్టుకోవాలి. పోయిన తాడుకు ధర ఉంది.

జనవరి చివర ఒకరోజు జరిగిన సంగతి చెప్పాలి. పండగ ఖర్చులయి ఇంట్లో చెయ్యి ఆడక ఉన్న రోజులు. కుర్రాడి పరీక్ష ఫీజు కూడా అప్పుడే కట్టాలి. నేను కడతానంటే ఆయన ఒప్పుకోలేదు. పొద్దున్న ఆరింటినుంచి తొమ్మిదిన్నర దాకా తిరిగితే రెండు చిన్న పారచేపలు పడ్డాయి, అంతే. అప్పుడు తూర్పున, మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో పిట్టల మంద కనిపించింది. మామూలు మంద కాదు. ఆకాశంలోంచి తెల్లగా రాలుతున్నట్టుంది. రెండు తెప్పలు అటే పోతున్నాయి. మోటారు దగ్గర కూర్చున్న కుర్రాడు తండ్రివైపు చూశాడు. తండ్రి ఆయిలు డబ్బా ఎత్తి ఊపి చూశాడు.

ఆయన లెక్క ఒకటుంది. పదిహేను లీటర్లు తెస్తే అయిదు పోవడానికి, అయిదు రావడానికి, అయిదు ముట్టుకోకుండా ఉంచడానికి. ఆ చివరి అయిదూ గాలికి, మనకు కాదు అంటాడు. అప్పటికి పోవడానికి ఉన్న అయిదూ అయిపోయాయి. ఈశాన్యంగా ఆకాశం కింద సన్నని బూడిదరంగు చార ఉంది. అది మబ్బో మంచో నాకు తెలియలేదు.

"నానా, అరగంట పని" అన్నాడు కుర్రాడు.

"తిప్పు" అన్నాడాయన.

"ఆళ్ళు ఎల్తన్నారు గదా!"

"ఆళ్ళ డబ్బాలో ఎంతుందో నీకు తెలుసా? తిప్పు."

కుర్రాడు తిప్పాడు. భీమిలి చేరేదాకా ముగ్గురం మాట్లాడుకోలేదు. ఆ చార ఏమయిందంటారా? ఏమీ కాలేదు. సాయంత్రం దాకా సముద్రం తాంబాళంలో నీళ్ళలా ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆ రెండు తెప్పలూ వచ్చాయి. ఒక్కొక్కదానిలో చెయ్యంత పొడుగు కోనాంలు పది పన్నెండు తక్కువ లేవు. ఒడ్డున వేలంపాట జరుగుతుంటే మా ఆయన తన తాడు ఆరబెట్టుకుంటూ, పాట ఎంతకు పోయిందో వింటూ కూర్చున్నాడు. కొడుకు కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు. "అన్నయ్యా, పోయి ఉంటే బాగుండేదేమో" అన్నాను. ఆయన నావైపు చూసి, "ఆయిలుంటే ఎల్దును" అన్నాడు. అంతే. విచారమూ లేదు, గొప్పా లేదు. ఫీజు తరవాతి వారం పడ్డ చేపతో కట్టారు, ఆలస్యపు రుసుముతో సహా.

మరునాటినుంచి కుర్రాడు బయలుదేరే ముందు తానే డబ్బా ఊపి చూడటం నేను గమనించాను.

ఇంటికి తెచ్చే చేప గురించి ఆడవారికి ఒక మాట. మగవారికి కూడా, వంటింట్లోకి అడుగుపెట్టేవారుంటే. కోనాం, తూర జాతి చేపలు పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, చేపకు సమానంగా ఐసుముక్కలు కప్పాలి. ఎండలో గంటలు పడి ఉంటే వీటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. దాన్ని ఎంత ఉడికించినా పోదు. తిన్నవారికి మొహం ఎర్రబడి, దురదలు లేచి, తలనొప్పి వస్తుంది. చేప పడలేదని అలర్జీ మీద వేస్తాం గాని, తప్పు చాలాసార్లు ఐసుది. మా ఇంట్లో కోనాంను వేలెడు మందం చక్రాలుగా కోయించి, ఉప్పూ పసుపూ కారమూ అల్లంవెల్లుల్లి ముద్దా పట్టించి పెనంమీద వేపుతారు. తోకవైపు ముక్కలూ తలా చింతపండు పులుసుకు. పులుసు మరునాటికి బాగుంటుందని అందరికీ తెలుసు, మరునాటికి మిగలదు.

ఎప్పుడుపడితే అప్పుడు బయలుదేరడానికి వీల్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పుతీరాన మోటారు పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. సరదాకు పోయేవాడికీ బతుకుతెరువుకు పోయేవాడికీ ఒకటే నియమం. కాకపోతే మనకది రెండు నెలల సెలవు, వాళ్ళకు రెండు నెలల పస్తు. ఆ రోజుల్లో తెప్పలన్నీ ఒడ్డున బోర్లించి, వలలకు కన్నాలు కుట్టుకుంటారు. తీరానికి దగ్గర నీళ్ళను చట్టం చిన్న పడవలకే కేటాయించింది. ఆ నీళ్ళలో వల వేసి ఉన్నచోట మన గాలం లాగితే వల చిరుగుతుంది. తేలుతున్న బెండ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి పోవాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసుకతిన్నెలకు వస్తాయి. నీటిమీద తల ఎత్తి ఊపిరి తీసుకుంటూ కనిపిస్తాయి. అటువంటిచోట మోటారు తగ్గించి గాలాలు లోపలికి తీయాలి. తిమింగల సొర అనే మహాకాయం కూడా అప్పుడప్పుడు విశాఖ తీరానికి వస్తుంది. చేపల్లోకెల్లా పెద్దది, పళ్ళుండీ కొరకనిది. 2001 నుంచి దాన్ని పట్టడం నేరం. మా తెప్ప పక్కన ఒకసారి ఒకటి పోయింది. వీపుమీద చుక్కలు, పరిచిన చాపలాగా. ఆయన మోటారు ఆపి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అది మా తెప్ప కిందుగా, తొందర లేకుండా, అవతలివైపుకు పోయేదాకా కుర్రాడు కూడా మాట్లాడలేదు. ఆ తరవాత గాలాలు మళ్ళీ వదిలాం. ఆ రోజు చేప పడలేదు, ఆయిలు మాత్రం నాలుగు లీటర్లు మిగిలింది.